టొయామాలో ఒక కవి గది

జపాన్ వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా టోక్యో, క్యోటో, ఒసాకా చూసి వచ్చేస్తారు. ఇంకొంచెం వ్యవధి ఉంటే కనజావా. టోక్యో నుంచి కనజావా వెళ్లే షింకన్సెన్ (బుల్లెట్ రైలు) దారిలోనే టొయామా ఉంది. అక్కడ దిగేవాళ్లు తక్కువ, దిగినా టటెయామా కొండల మీది మంచుగోడల కోసమే. నేను దిగింది షూజో తకిగుచి కోసం.

తకిగుచి కవి, కళా విమర్శకుడు, చివరి ఇరవై ఏళ్లలో చిత్రకారుడు కూడా. 1903లో టొయామా దగ్గరి ఒక పల్లెలో వైద్యుల కుటుంబంలో పుట్టారు. టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయంలో కవి జున్జబురో నిషివాకి ప్రభావంతో సర్రియలిజం వైపు, అంటే కలల్లోంచి, మనసు లోతుల్లోంచి కళను పుట్టించే అధివాస్తవిక ధోరణి వైపు తిరిగారు. 1930లో, ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఫ్రెంచ్ కవి ఆంద్రే బ్రెటన్ రాసిన కళా గ్రంథాన్ని జపనీస్‌లోకి తెచ్చారు. దాదాపు ఆ కాలంలోనే మన శ్రీరంగం నారాయణబాబు తెలుగులో అధివాస్తవిక కవిత్వం రాస్తున్నారు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు గానీ, నాకు తకిగుచి మీద ఇష్టం మొదలైంది అక్కడే.

ఆయన వస్తువులు ఉన్నది టొయామా ప్రిఫెక్చర్ కళ, డిజైన్ మ్యూజియంలో. స్టేషన్ ఉత్తరం వైపు బయటికొచ్చి, కన్సుయి పార్కు మీదుగా నడిస్తే పావుగంట. 2017లో తెరిచిన ఈ భవనాన్ని హిరోషి నైటో డిజైన్ చేశారు. తూర్పు వైపంతా అద్దాలే, మబ్బు లేకపోతే టటెయామా కొండల వరుస మొత్తం కనిపిస్తుంది. మేడ మీద పిల్లలు ఆడుకునే చోటు ఉంది కాబట్టి కుటుంబంతో వెళ్లినవాళ్లకు ఇబ్బంది లేదు. పోస్టర్లు, కుర్చీల సేకరణ కూడా బాగుంటుంది, కానీ నేను వాటి ముందు ఎక్కువసేపు నిలబడలేదు.

తకిగుచి గది చిన్నది. పెద్ద పెద్ద కాన్వాసులు ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. అద్దాల వెనక రాళ్లు, గవ్వలు, చిన్న బొమ్మలు, స్నేహితులు పంపిన చిత్రాలు, చేత్తో చేసిన వింత వస్తువులు ఉంటాయి. చాలావరకు ఎవరో ఒకరు ప్రేమతో ఇచ్చినవే. ఆయన జీవితం తెలిసి చూస్తే ఈ గది బరువు అర్థమవుతుంది. 1941లో సర్రియలిజానికీ కమ్యూనిజానికీ సంబంధం ఉందనే అనుమానంతో పోలీసులు ఆయన్ని, చిత్రకారుడు ఇచిరో ఫుకుజావాను అరెస్టు చేశారు. ఎనిమిది నెలల పాటు బయటికి రానివ్వలేదు. తర్వాత టోక్యో మీద బాంబులు పడ్డప్పుడు ఇల్లు, దాంతో పాటు పుస్తకాలు, రాతప్రతులు కాలిపోయాయి. అన్నీ పోయిన మనిషి చుట్టూ మళ్లీ ఇన్ని చేరాయంటే, అవి ఆయన సంపాదించుకున్న మనుషులు. నేను ఆ గదిలోనే మధ్యాహ్నమంతా ఉండిపోయాను.

ఆ మనుషుల్ని ఆయన ఎలా సంపాదించుకున్నారంటే, 1951 నుంచి 1957 దాకా టోక్యో కండాలోని టకెమియా గ్యాలరీలో, తనకు పైసా రాకపోయినా, కొత్త కళాకారులను వెతికి ప్రదర్శనలు పెట్టించారు. అవి రెండు వందలు దాటాయి. సంగీతకారుడు టోరు టకెమిట్సు లాంటి కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న బృందానికి 'జిక్కెన్ కోబో' (ప్రయోగశాల) అని పేరు పెట్టింది ఆయనే. చుక్కల గుమ్మడికాయ శిల్పాలతో ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన చిత్రకారిణి యాయోయి కుసామాను తొలినాళ్లలో ప్రోత్సహించినవాళ్లలో ఆయనా ఉన్నారు. కుసామా గుమ్మడికాయ దగ్గర సెల్ఫీకి క్యూ కట్టేవాళ్లు ఒక్కసారైనా ఈ గదికి రావాలని నా కోరిక.

ఆయన డెకాల్కొమానియాలు కనిపిస్తే వదలొద్దు. కాగితం మీద తడి రంగు వేసి, ఇంకో కాగితం అదిమి తీసేస్తే ఏర్పడే ఆకారాలవి. దగ్గరగా చూస్తే సముద్రం అడుగులా ఉంటాయి. దీపాల వెలుగు తక్కువ, ఇంగ్లిష్ వివరణలు కూడా తక్కువే. ముందే కొంచెం చదువుకుని వెళ్లడం మంచిది. సిబ్బంది మాత్రం అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా, ఫోన్‌లో అనువాదం చేసి మరీ చెప్పారు.

ఆయన 1979లో పోయారు. సమాధి పుట్టిన ఊరు ఒట్సుకాలోని ర్యూకోజి ఆలయంలో ఉంది. రాయి మీద 'రోజ్ సెలవీ' అని చెక్కి ఉంటుంది. ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యుషాం తనకు తాను పెట్టుకున్న ఆడపేరు అది. వస్తువులమ్మే ఒక ఊహా దుకాణానికి పెట్టడానికి తకిగుచి ఆ పేరు అడిగితే, డ్యుషాం సంతకం చేసి పంపారు. దుకాణం ఎప్పుడూ తెరవలేదు. ఊళ్లో ట్రామ్‌లు బాగా తిరుగుతాయి గానీ అవి ఒట్సుకా దాకా వెళ్లవు, టాక్సీ మేలు. గుడి ఆవరణ కదా, ఫొటోల హడావుడి పెట్టుకోకండి.

బస సంగతి. స్టేషన్ దగ్గరి ఒక బిజినెస్ హోటల్లో దిగాను. గది శుభ్రంగా ఉంది, పెద్ద సూట్‌కేసు తెరిచి పెట్టే జాగా మాత్రం లేదు. శాకాహారం అని ముందే రాసినా, పొద్దున ఇచ్చిన సూపులో చేప రసమే ఉంది. చెప్తే క్షమాపణ అడిగారు గానీ వేరేది ఇవ్వలేదు. శాకాహారులు అన్నం, పండ్లు, స్టేషన్ దుకాణాల మీద ఆధారపడాల్సిందే. చేప తినేవాళ్లకు ఇది పండగ ఊరు. గుండ్రటి చెక్క డబ్బాలో ఆకులు చుట్టి ఇచ్చే చేప సుషి, మసుజుషి, తప్పక తినండి. పేరుమోసిన నల్ల రామెన్ (నూడుల్స్ సూపు) నాకు మరీ ఉప్పుగా అనిపించింది.

కనజావాలో బస పెట్టి ఒక పూట ఇటు వచ్చి పోదామనుకునేవాళ్లకు నా సలహా, ఒక రాత్రి టొయామాలోనే ఉండండి. ఒకరోజు మ్యూజియం, రెండో రోజు పొద్దున సమాధి, తర్వాత కెంగో కుమా డిజైన్ చేసిన గాజు కళల మ్యూజియం. కళ, డిజైన్ మ్యూజియానికి బుధవారం సెలవు. తకిగుచి కాగితాలు మరికొన్ని టోక్యోలో కేయో విశ్వవిద్యాలయం ఆర్ట్ సెంటర్‌లోనూ, తమా ఆర్ట్ యూనివర్సిటీలోనూ ఉన్నాయి. పరిశోధన కోసం వెళ్లేవాళ్లు ముందే ఉత్తరం రాసి, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాలి.