మెకానికల్ వాల్వుల్లో ఏది మేలు? విరిగే చోటును బట్టి చూస్తే

గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఏడాదికి దాదాపు 3.8 కోట్ల దెబ్బలు. పాడైన గుండె కవాటం బదులు అమర్చిన మెకానికల్ (కృత్రిమ) వాల్వు దెబ్బ దెబ్బకీ తెరుచుకుని మూసుకోవాలి. కాబట్టి ధరా, కంపెనీ పేరూ తర్వాత. ముందు అడగాల్సింది: ఇందులో అతుకు ఎక్కడుంది?

ఆ ప్రశ్న నేర్పింది బ్యోర్క్-షైలీ కన్వెక్సో-కాన్‌కేవ్ వాల్వు. 1979లో మార్కెట్లోకి వచ్చింది, 1986లో ఆపేశారు. ఆలోగా ప్రపంచమంతటా సుమారు 86,000 అమర్చారు. కోబాల్ట్-క్రోమియం రింగు, అందులో వాలుతూ తెరుచుకునే కార్బన్ బిళ్ల, అది జారిపోకుండా ఇటూ అటూ రెండు తీగ కొక్కేలు. రక్తం లోపలికొచ్చే వైపు కొక్కెం రింగుతో ఏకఖండం. బయటికి పోయే వైపుది మాత్రం విడిగా చేసి, రెండు కాళ్లనూ రింగుకి వెల్డు చేసినది. చిక్కంతా అక్కడే. మూసుకునే క్షణంలో బిళ్ల ఒక్కోసారి కాస్త ఎక్కువ తిరిగి ఆ కొక్కెం కొసను తన్నేది. తగిలేది కొసకి, వంగేది కాళ్ల మొదలు, అంటే సరిగ్గా వెల్డు ఉన్న చోట. ఇనుప తీగను పదేపదే వంచి తెంపడం ఎలాగో ఇదీ అంతే. ముందు ఒక కాలు తెగుతుంది, మనిషికి ఏమీ తెలియదు. రెండోదీ తెగిందంటే బిళ్ల ఊడి రక్తంతో కొట్టుకుపోతుంది. అలా జరిగినవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది బతకలేదు. మైట్రల్ స్థానంలో (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య) పెట్టిన 29 మి.మీ., ఆపై సైజులకీ, వయసు తక్కువవాళ్లకీ, 70 డిగ్రీలు తెరుచుకునే రకానికీ ముప్పు ఎక్కువ.

అతుకు తీసేస్తే? తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థలో గుండె సర్జన్ వలియాథన్ బృందం చేసిన చిత్ర వాల్వు దానికి జవాబు. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. హేన్స్-25 అనే కోబాల్ట్ మిశ్రలోహపు దిమ్మ నుంచి రింగు, కొక్కేలు కలిపి ఒకే ముక్కగా చెక్కుతారు, వెల్డు అనేదే లేదు. బిళ్ల అతి ఎక్కువ అణుభారం ఉన్న పాలిథీన్. అంతకుముందు నమూనాల్లో నీలమణి స్ఫటికపు బిళ్ల వాడి చూశారు. గట్టిదే, కానీ గొర్రెకు అమర్చి పరీక్షించినప్పుడు పగిలింది. ప్లాస్టిక్ అంటే లోకువగా చూస్తాం గానీ, ఇక్కడ దెబ్బను మింగేది ఆ మెత్తదనమే. నెమ్మదిగా అరుగుతుందేమో, పెళుసుగా పగలదు.

ఇక రెండు రెక్కల వాల్వు. 1977లో సెయింట్ జూడ్‌తో మొదలైంది, ఇప్పుడు ఎక్కువగా వాడేది ఈ తరహానే. కొక్కేలు లేవు, రెక్కల చెవులు రింగులోని గుంటల్లో తిరుగుతాయి. రెక్కలు చేసే పైరోలిటిక్ కార్బన్ (అధిక వేడిలో పూతగా పేర్చే గట్టి కార్బన్) అరుగుదలను బాగా తట్టుకుంటుంది గానీ గాజులా పెళుసు. డ్యూరోమెడిక్స్ అనే రెండు రెక్కల వాల్వు 1982లో వచ్చి, రెక్కలు విరగడంతో 1988లో ఆగిపోయింది. మూసుకునే వేగానికి రక్తంలో ఆవిరి బుడగలు పుట్టి పేలుతుంటే కార్బన్ మీద గుంటలు పడి, అక్కణ్ణుంచి పగులు పాకింది. ఈ పెళుసుదనం వల్లే ఆపరేషన్ బల్ల మీద రెక్కను లోహపు పట్టకారుతో తాకరాదు, తిప్పాలంటే వాల్వుతో వచ్చిన పిడితోనే తిప్పాలి. తర్వాత కూడా కాథెటర్‌ను (రక్తనాళంలోంచి పంపే సన్న గొట్టాన్ని) మెకానికల్ వాల్వు గుండా దూర్చకూడదు.

విరగడం ఒక్కటే కొలమానమైతే చిత్రకూ, నేటి మంచి రెండు రెక్కల వాల్వుకూ పెద్ద తేడా లేదు. తేడా వాల్వు మీద రక్తం గడ్డ కట్టినప్పుడు బయటపడుతుంది. ఇప్పుడు భయపడాల్సిందీ దానికే. ఒకే బిళ్ల బిగిస్తే దారి మొత్తం మూసుకుపోవచ్చు. రెండు రెక్కల్లో ఒకటి బిగిసినా రెండోది కొంతసేపైనా నడిపిస్తుంది. పైగా కార్బన్ రెక్కలు ఫ్లోరోస్కోపీలో (కదలికను చూపే ఎక్స్-రేలో) కనిపిస్తాయి, ఎంత తెరుచుకుంటున్నాయో కోణం కొలవొచ్చు. చిత్ర బిళ్ల ఎక్స్-రేకి కనపడదు, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) మీదే ఆధారపడాలి, చాలాసార్లు గొంతులోంచి చేసే ఎకో. కాబట్టి మైట్రల్ స్థానానికి, డబ్బు కుదిరితే, రెండు రెక్కలదే మా ఓటు. అయోర్టిక్ స్థానంలో (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే పెద్ద ధమని మొదట్లో) చిత్రను తక్కువ చేయాల్సిన పని లేదు. ఏది పెట్టినా రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర, వార్ఫరిన్ లేదా అసిట్రోమ్, జీవితాంతం తప్పదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో రక్తపరీక్షలో చెప్పే అంకె ఐఎన్ఆర్. దాన్ని మైట్రల్‌కి సాధారణంగా 2.5–3.5, అయోర్టిక్‌కి 2–3 మధ్య ఉంచుతారు, మీ అంకె మీ డాక్టరు చెప్పాలి. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు (డాబిగాట్రాన్ లాంటివి) మెకానికల్ వాల్వుకి పనికిరావు.

మోడల్, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు పర్సులోనే ఉంచుకోవాలి. 1986లోనో అంతకుముందో అమర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ కార్డు ఒకసారి తీసి చూడాలి: అది కన్వెక్సో-కాన్‌కేవ్ అయితే, కొక్కెం కాలు తెగిందేమో చూసే ప్రత్యేక ఎక్స్-రే ఉంది, ముందే వాల్వు మార్చడమా వద్దా అన్నది సైజునీ వయసునీ బట్టి సర్జన్ తేలుస్తారు. కార్బన్ వాల్వున్నవాళ్లకి రాత్రి నిశ్శబ్దంలో టిక్ టిక్ వినిపిస్తుంది. అది మొద్దుబారినా, ఆగినా, ఆయాసంతో కలిసి వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ సదుపాయమున్న ఆసుపత్రికి వెళ్లాలి. చిత్ర వాల్వు చప్పుడు మొదటినుంచీ తక్కువే, దానికి చెవిని నమ్ముకోవద్దు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, మాట తడబడటం, చెయ్యి పట్టు జారడం, వీటిల్లో ఏది కనిపించినా కదలాల్సిందే.