బేస్ గిటార్‌కి బ్యాగ్ కొంటున్నారా? ట్యాగ్ మీద అంకె నమ్మకండి

తిరుపతి, చిత్తూరు వైపు బేస్ వాయించే అన్నలకి, తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. '20 ఎంఎం ప్యాడింగ్' అని ట్యాగ్ తగిలించి అమ్ముతున్న నల్ల బ్యాగులు కనిపిస్తే, చేత్తో నొక్కి చూడకుండా డబ్బులివ్వకండి. నేను తిరుపతిలోనే ఒక మ్యూజిక్ షాపులో 1,900 రూపాయలు పెట్టి తీసుకున్నాను. "బేస్‌కనే చేసింది సామీ, కళ్లు మూసుకోని తీసకపో" అన్నాడు షాపాయన. ఆ పెళ్లిళ్ల సీజన్ కూడా దాటలేదు.

చిత్తూరులో ఆర్కెస్ట్రా ప్రోగ్రాం ఉంటే ఆర్టీసీ బస్సులో వెళ్లాను. దిగేటప్పుడు హ్యాండిల్ ఒక పక్క కుట్టు పర్రుమని ఊడిపోయి, బేస్ నిలువునా కింద పడింది. ఇ (E) తీగని బిగించే కీ వంగిపోయింది. అడుగున స్ట్రాప్ బటన్ (భుజం పట్టీ తగిలించే గుండీ) చుట్టూ పెయింట్ పెచ్చులు లేచింది. ప్రోగ్రాం ఎలాగో గట్టెక్కింది గానీ మనసు మాత్రం చివుక్కుమంది.

ఇంటికొచ్చి లోపలి గుడ్డ విప్పి చూశాను. ముందువైపు స్పాంజి స్కేలు పెట్టి కొలిస్తే 10 మిల్లీమీటర్లు కూడా లేదు, వెనకవైపూ అంతే. రెండూ కలిపి 20 అని రాశారని నా అనుమానం. పక్క గోడల్లో అసలు స్పాంజే లేదు, ఉత్త గుడ్డ. అడుగున బటన్ ఆనే చోట స్పాంజి పసుప్పచ్చ పొడిలా రాలుతోంది, గుడ్డకి అప్పుడే చిల్లు పడింది. బేస్ నాలుగు కిలోల దాకా ఉంటుంది. నిలువుగా పడితే ఆ బరువంతా చొక్కా గుండీ అంత ఇనుప ముక్క మీదే పడుతుంది. అందుకే అడుగున విడిగా రబ్బరో, గట్టి ఫోమో ఉండి తీరాలి. రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కండి, వేళ్లు ఒకదానికొకటి తగిలితే ఆ బ్యాగ్ పక్కన పెట్టేయండి.

సైజు దగ్గర కూడా మనల్ని బాగా ఏమారుస్తున్నారు. 1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌తో వచ్చిన 34 అంగుళాల స్కేలే, అంటే మోగే తీగ పొడవే, ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకి ఉంది. తల నుంచి అడుగు దాకా కొలిస్తే 46, 47 అంగుళాలు వస్తుంది. అకౌస్టిక్ గిటార్ 41 అంగుళాలే. ఆ బ్యాగునే కొంచెం లాగి "సరిపోతుందిలే" అంటారు. జిప్పు పడుతుంది, నిజమే. కానీ పై కుట్టు కీల మీద ఒత్తుకుంటూ ఉంటుంది. మీ బేస్ షాపుకి తీసుకెళ్లి, అక్కడే పెట్టి, జిప్పు వేసి, భుజానికి తగిలించుకుని నాలుగడుగులు నడవండి. లోపల కదులుతున్నట్టు అనిపిస్తే, నెక్ (బేస్ మెడ) కింద దిమ్మ, దాన్ని పట్టుకునే వెల్‌క్రో పట్టీ లేవని అర్థం.

హ్యాండిల్ పట్టీ బ్యాగ్ చుట్టూ అడుగు దాకా తిరిగి వచ్చిందా, లేక అంచు కుట్టులోనే దూర్చి వదిలేశారా చూడండి. నాది రెండో రకం. మా వీధిలో బ్యాగులు కుట్టే పెద్దాయన ఒక్క చూపులోనే "ఈ దారం నోటు పుస్తకాలకి పనికొస్తాది నాయనా" అన్నాడు.

గిబ్సన్ థండర్‌బర్డ్ లాగా తల వెనక్కి వంగి ఉండే మోడల్ మీదైతే, మెత్తటి బ్యాగ్ జోలికే పోవద్దని నా సలహా. వెల్లకిలా పడితే తల దగ్గర చెక్క విరిగిపోవచ్చు. వాటికి హార్డ్ కేసే మేలు.

వాటర్‌ప్రూఫ్ అన్న మాట కూడా నమ్మకండి. గుడ్డ తడవకపోయినా జిప్పులోంచి నీళ్లు దిగుతాయి. అక్టోబరు నుంచి మన వైపు వానలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా, పైన వేసే రెయిన్ కవర్ ఉన్నదే అడగండి.

షాపుకి తీసుకెళ్తే "బ్యాగులకి గ్యారంటీ ఉండదు సామీ, అమ్మిన సరుకు వాపసు తీసుకోమని బిల్లు మీదే ఉంది" అన్నాడు. బిల్లు మీద అలా రాసినంత మాత్రాన చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువుని బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరిస్తే అది అక్రమ వ్యాపార పద్ధతే. కాబట్టి బిల్లు లేకుండా కొనకండి, ట్యాగ్ పారేయకండి, కొన్న వారంలోనే లోపలంతా చేత్తో తడిమి చూసుకోండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డబ్బులు వెనక్కి వచ్చినా రాకపోయినా ఇక్కడే చెబుతాను. ఇదే రకం బ్యాగ్ మీ దగ్గర ఉంటే, ఈ రోజే అడుగున బటన్ దగ్గర ఒకసారి చూసుకోండి.