నవ్వు ఆగేదాకా ఆగడం తెలిసిన ఇద్దరు: ‘ది ఆడ్ కపుల్’ మళ్లీ చూశాక

ఫీలిక్స్ అంగర్ శుభ్రత, ఆస్కార్ మ్యాడిసన్ చెత్త, ఇద్దరికీ విడాకులు, న్యూయార్క్‌లో ఒకే ఫ్లాటు. 1970లలో వచ్చిన అమెరికన్ టీవీ హాస్య సీరియల్ ‘ది ఆడ్ కపుల్’ పేరు విన్నవాళ్లకు ఈ సంగతులు కొత్త కావు కాబట్టి వదిలేస్తున్నాను. అమెరికాలో ఉన్న రోజుల్లో రాత్రిపూట పునఃప్రసారాలు చూసి దీనికి అలవాటు పడ్డాను. తర్వాత డిస్కులన్నీ కొనుక్కుని ఐదు సీజన్లనూ తిరగేసి మరగేసి చూస్తూ వచ్చాను. ఇన్నేళ్లకు ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏమిటని అడిగితే, ప్రేక్షకుల నవ్వు అంటాను.

మొదటి సీజన్ మాత్రమే చూసినవాళ్లకు ఈ మాట వింతగా ఉంటుంది. ఆ ఏడాది సినిమా తీసినట్టు ఒకే కెమెరాతో తీసి, నవ్వులు తర్వాత అతికించారు. చిన్న విసురుకూ పెద్ద జోకుకూ ఒకటే నవ్వు. అది ఉన్నట్టుండి మొదలై, కుళాయి కట్టేసినట్టు ఆగిపోతుంది. ఫీలిక్స్‌గా వేసిన టోనీ రాండల్‌కూ, ఆస్కార్‌గా వేసిన జాక్ క్లగ్‌మన్‌కూ కూడా ఆ అతుకుల నవ్వు గిట్టలేదు. రెండో సీజన్ నుంచి మూడు కెమెరాలు పెట్టి, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీయడం మొదలుపెట్టారు. అందుకోసం ఫ్లాటు కూడా మారింది. మొదటి ఏడాది ఇదే కథతో వచ్చిన 1968 నాటి సినిమా కోసం వేసిన సెట్టునే వాడుకున్నారు. తర్వాతిది ప్రేక్షకుల వైపు తెరుచుకుని ఉండే కొత్త సెట్టు.

ఆ మార్పుతో నటన ఎంత మారిందో ఈసారి వరుసగా చూస్తుంటే బాగా తెలిసింది. ఇద్దరూ రంగస్థలం ఎరిగినవాళ్లు. సీరియల్‌కు మూలమైన నీల్ సైమన్ నాటకంలో వాల్టర్ మాథౌ తర్వాత న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో ఆస్కార్ వేషం కట్టింది క్లగ్‌మనే. మన పద్య నాటకాల్లో రాగం ముగిశాక చప్పట్లూ వన్స్‌మోర్‌లూ మోగుతుంటే మంచి నటుడు వేషం నుంచి జారిపోకుండా నిలబడతాడు చూడండి, ఆ విద్య వీళ్లిద్దరిలోనూ ఉంది. జనం నవ్వుతున్నంతసేపూ క్లగ్‌మన్ ఊరికే ఉండడు. చుట్టను నోట్లో ఒక మూల నుంచి మరో మూలకు జరుపుతాడు. చేతిలోని సాండ్‌విచ్ వంక చూస్తాడు, ఫీలిక్స్ వంక చూస్తాడు, మళ్లీ సాండ్‌విచ్ వంక చూస్తాడు. ఆ రెండో చూపుకు ఇంకో నవ్వు పుడుతుంది. ఆ నవ్వు ఏ రచయితా కాగితం మీద రాసి ఉండడు.

దీనికి నేను చూపించే ఉదాహరణ 1972 డిసెంబరులో వచ్చిన ‘పాస్‌వర్డ్’ ఎపిసోడ్. పాస్‌వర్డ్ అప్పట్లో నిజంగా ప్రసారమవుతున్న టీవీ ఆట. ఒకరు ఒక్క మాటతో సూచన ఇవ్వాలి, జోడీ అసలు మాట కనిపెట్టాలి. ఆస్కార్‌కు ఆ ఆటకు పిలుపు వస్తుంది. ఆ ఆటంటే ప్రాణం పెట్టే ఫీలిక్స్ తనను జోడీగా తీసుకెళ్లమని వెంటపడతాడు. ఆటను నడిపే ఆలెన్ లడెన్ తన పాత్రలో తానే కనిపిస్తాడు, ఆయన భార్య బెటీ వైట్ కూడా ఉంటుంది. ఫీలిక్స్‌కు వచ్చిన మాట ‘పక్షి’. ఎగిరేది అన్నా, రెక్క అన్నా, గూడు అన్నా పని అయిపోతుంది. ఫీలిక్స్ ఎంతో ఆలోచించి, పూర్తి నమ్మకంతో, ‘అరిస్టోఫనీస్’ అంటాడు. ఆ గ్రీకు నాటక రచయిత పక్షుల పేరుతో ఒక నాటకం రాశాడు, అదీ ఫీలిక్స్ తర్కం.

జోకు ఇంతే. రాస్తే రెండు వరుసలు. కానీ సూచన విన్న తర్వాత క్లగ్‌మన్ ముఖం చూడండి. ముందు తప్పుగా విన్నానేమో అన్న అనుమానం, తర్వాత సరిగానే విన్నానన్న భయం, ఆ తర్వాత ఇంటికి వెళ్లాక వీణ్ని ఏం చేయాలా అన్న ఆలోచన. ఒక్కో దశకూ ఒక్కో నవ్వు వస్తుంది, దేనికదే వేరుగా వినిపిస్తుంది. ఎదురుగా రాండల్ ముఖంలో మాత్రం ఇంత తేలికైన సూచన ఇస్తే ఇంకా చెప్పడేమిటన్న ఆశ్చర్యం తప్ప మరేమీ లేదు. ఈ దృశ్యం నాకు కంఠతా వచ్చు. అయినా పెట్టిన ప్రతిసారీ ఆ జనంతో కలిసి నవ్వుతాను. మొదటి సీజన్ పద్ధతిలో తీసి ఉంటే ఇది సగం కూడా పండేది కాదని నా గట్టి నమ్మకం.

ఒకప్పుడు స్నేహితులకు ఈ సీరియల్ గురించి చెప్పేటప్పుడు ఫీలిక్స్ ముక్కు బాధనే ముందు చెప్పేవాణ్ని. ముక్కు పట్టేసిందంటూ ఏదో జంతువు అరిచినట్టు ఆయన తీసే చప్పుడు అప్పట్లో నన్ను కుర్చీలోంచి కిందికి దొర్లించేది. వరుసగా చూసినప్పుడు దాని బలం కొంత తగ్గుతుంది. వారానికి ఒకసారి చూడమని తీసినదాన్ని రాత్రికి మూడు చొప్పున చూస్తే ఆ మాత్రం తప్పదు. ఆస్కార్ సెక్రటరీ మర్నాది దీనికి ఎదురు అనుభవం. సాగదీస్తూ, ముక్కుతో మాట్లాడే ఆ గొంతు (వేసింది పెనీ మార్షల్) మొదట్లో నాకు విసుగు పుట్టించేది. ఇప్పుడు ఆమె తలుపు తీసుకుని వస్తే చాలు, సర్దుకుని కూర్చుంటాను. ఆడవాళ్ల రూపం మీద విసిరే కొన్ని మాటలు మాత్రం బాగా పాతబడ్డాయి. అక్కడ ప్రేక్షకులు ఎంత నవ్వినా నాకు నవ్వు రాదు.

ఇక నా బాధ. ఫీలిక్స్‌కు సంగీతమంటే ప్రాణం, అందులోనూ ఆపెరా, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం. కూనిరాగం తీస్తాడు, పాడతాడు, ఆస్కార్ చేత కూడా పాడిస్తాడు. నా దగ్గరున్న డిస్కుల్లో రెండో సీజన్ నుంచి ఇలాంటి చోట్లు చాలావరకు కోసేశారు. పాటల హక్కుల చిక్కట. ఫీలిక్స్ గొంతు సవరించుకుంటాడు, మరుక్షణం అందరూ చప్పట్లు కొడుతుంటారు. ఒక్కోచోట ఏం జరిగిందో కూడా అర్థం కాదు. టీవీలో ఆ పాటలు విన్నవాణ్ని కాబట్టి లోటు నాకు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. జనం ముందు ఆడిన నాటకంలో జనానికి నచ్చిన ముక్కే తీసేసి అమ్మడం అన్యాయం. హక్కుల ఖర్చు ఎంతైనా ఉండనివ్వండి, కనీసం అట్ట మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయాలి.

మొదటి సీజన్‌ను పూర్తిగా తీసిపారేయలేను. అతికించిన నవ్వును మనసులోంచి తుడిచేసుకుని చూస్తే, భార్య పొమ్మన్న మనిషి ఒంటరితనం ఆ ఏడాదే ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాతి సీజన్లలో నవ్వుల జోరుకు అది కొంత వెనక్కి తగ్గింది. అది నష్టమేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈసారి నన్ను కదిలించినది క్లగ్‌మన్ గొంతు. గరుకుగా, ఇంటి నాలుగు మూలలా వినిపించే ఆ అరుపు. గొంతు క్యాన్సర్ వల్ల 1989లో జరిగిన ఆపరేషన్‌లో ఆయన ఒక స్వరతంత్రి పోయింది. మళ్లీ వేదిక ఎక్కలేనని అనుకున్న మనిషిని రాండల్ 1991లో తన నాటక సంస్థకు నిధుల కోసం బ్రాడ్‌వేలో ఇదే నాటకంలో తన పక్కన నిలబెట్టాడు. 1993లో వచ్చిన పునస్సమాగమ టీవీ చిత్రంలో ఆస్కార్‌కు కూడా అదే జబ్బు రాశారు. ఇది తెలిశాక పాత ఎపిసోడ్లలో ఆస్కార్ ‘ఫీలిక్స్!’ అని అరిచిన ప్రతిసారీ ధ్వని ఇంకొంచెం పెంచుకుంటున్నాను.

చూడమంటానా అంటే, నా పరిస్థితి వేరు. నేను చాలాకాలం ఒక స్నేహితుడితో గది పంచుకుని, గిన్నెల దగ్గరా తడి తువ్వాళ్ల దగ్గరా గొడవపడ్డవాణ్ని. రాత్రి భోజనం తర్వాత ఒక్కణ్నే చూస్తాను, అరగంట లోపే ముగిసే కథ నాకు సరిగ్గా సరిపోతుంది. ఆ నేపథ్యం లేని మా ఆవిడ రెండు ఎపిసోడ్లు చూసి లేచి వెళ్లిపోయింది. మీరు చూడదలచుకుంటే రెండో సీజన్‌తో మొదలుపెట్టి, మూడులో ‘పాస్‌వర్డ్’ దాకా వెళ్లండి, నచ్చితే ఆ తర్వాత మొదటి సీజన్ చూసుకోవచ్చు. మీరున్న చోట టీవీలో పాటలతో సహా వేస్తుంటే మాత్రం డిస్కులు కొనే ముందు అక్కడే చూడండి.