డైరెక్టా, రెగ్యులరా?

మ్యూచువల్ ఫండ్‌లో డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు ప్లాన్లుంటాయి. ఒకే ఫండ్, ఒకే మేనేజర్, ఒకే షేర్లు. తేడా అంతా ఖర్చులోనే. రెగ్యులర్ ప్లాన్‌లో డిస్ట్రిబ్యూటర్ (ఫండ్ అమ్మిపెట్టే ఏజెంటు) కమిషన్ కలిసి ఉంటుంది. 2013 జనవరి నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసిన డైరెక్ట్ ప్లాన్‌లో అది ఉండదు. ఈ ఖర్చుకు విడిగా బిల్లు రాదు. రోజూ ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ)లోంచే కోత పడుతుంది కాబట్టి చాలామందికి కనిపించదు.

లక్ష రూపాయలు 20 ఏళ్లు ఉంచారనుకోండి. డైరెక్ట్‌లో ఏటా 11 శాతం చొప్పున 8.06 లక్షలవుతుంది, ఖర్చు ఒక శాతం ఎక్కువై రెగ్యులర్‌లో 10 శాతమైతే 6.73 లక్షలే. ఒక్క శాతానికి పోయేది 1.33 లక్షలు!

డైరెక్ట్ ఎన్‌ఏవీ ఎక్కువగా ఉందని రెగ్యులర్ చవక అనుకోకండి. ఖర్చు తక్కువ కాబట్టే అది పెరిగింది.

మారేటప్పుడే జాగ్రత్త. స్విచ్ అంటే పాత యూనిట్లు అమ్మినట్టే: ఎగ్జిట్ లోడ్ (గడువుకు ముందే అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము), లాభంపై పన్ను పడతాయి. ఈక్విటీ ఫండ్‌లో ఏడాది దాటిన లాభాల్లో ఏటా 1.25 లక్షల వరకు పన్ను లేదు. ఆ పరిమితిలో విడతలుగా మార్చుకోవచ్చు. ఈఎల్‌ఎస్‌ఎస్ (పన్ను ఆదా ఫండ్) యూనిట్లు మూడేళ్లు నిండేదాకా కదలవు. పాత సిప్ (క్రమంగా కట్టే వాయిదా) ఆపి డైరెక్ట్‌లో కొత్తది పెట్టాలి, లేకపోతే వాయిదాలు రెగ్యులర్‌లోకే పోతుంటాయి.

మార్కెట్ పడగానే అమ్మేసేవారికి, నామినీ పనులు చూసుకోలేనివారికి మాత్రం నిజంగా వెంట ఉండే డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చే కమిషన్ దండగ కాదు.