నీలి హైడ్రాంజియా, బెజవాడ ఎండ

విజయవాడలో మా ఇంటికి దగ్గరలో ఉన్న నర్సరీలో, గల్లాపెట్టె పైన ప్లాస్టిక్ కవరులో పెట్టి తగిలించిన ఒక తోటల వ్యాసం చూసి, జనవరిలో నీలిపూల హైడ్రాంజియా కుండీని 450 రూపాయలకు కొన్నాను. కడియం నుంచి వచ్చిన మొక్క. వేరు బలంగా ఉంది, ఆకుకు పురుగు లేదు. చిక్కంతా ఆ వ్యాసంతోనే వచ్చింది. ఆమ్లగుణం గల మట్టిలో అల్యూమినియం అందితేనే ఆ పువ్వు నీలంగా పూస్తుందని, క్షారగుణం వైపు మొగ్గే మన నల్లరేగడిలో గులాబీ రంగుకు తిరుగుతుందని, 40 డిగ్రీలు దాటే మే ఎండకు మధ్యాహ్నానికే ఆకులు వేలాడిపోతాయని అందులో ఒక్క ముక్క లేదు. అడిగితే యజమాని, "రాసినాయనకు మొక్క మేమే ఇచ్చామండీ, వారంలోనే ఫొటో తీసుకున్నారు" అని దాపరికం లేకుండా చెప్పారు.

ఉచితంగా మొక్క తీసుకోవడం తప్పని అనను. కొత్త రకాలు జనానికి తెలిసేది చాలావరకు ఇటువంటి రాతల వల్లనే. అయితే ఆ సంగతి వ్యాసంలోనే చెప్పాలి, ఒక్క వేసవైనా తన మేడమీద పెంచి చూశాకే సిఫార్సు చేయాలి. నర్సరీకి ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. మందారాలు, నందివర్ధనాలు ఇకపైనా ఇక్కడే కొంటాను. హైడ్రాంజియా మాత్రం తూర్పు వరండాలో, పువ్వన్నది లేకుండా, నాలుగు ఆకులతో నిలిచి ఉంది.