పాత స్పోర్ట్స్ కారుకు సమగ్ర బీమా: వరద తర్వాత తేలిన లెక్క

నా శాన్ స్టార్మ్ కారుకు చాలా ఏళ్ళుగా ఒకే సంస్థ దగ్గర సమగ్ర బీమా చేయిస్తున్నాను. ప్రీమియం ఎంత, క్యాష్‌లెస్ గ్యారేజీలు ఎన్ని, యాప్ ఎలా ఉంది అన్నవి ఎక్కడైనా దొరికే వివరాలు కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది కారుకు విలువ కట్టే తీరు గురించి మాత్రమే. పాలసీ రాసేటప్పుడు బండి పాతదన్న కారణంతో విలువ తగ్గించిన సంస్థే, పరిహారం లెక్క వేసే రోజున బండి అరుదైనదన్న కారణంతో శాల్వేజ్ విలువను, అంటే పాడైన బండిని ఉన్నదున్నట్టు అమ్మితే వచ్చే ధరను, పెంచి చూపింది. రెండు సార్లూ కోత పడింది నాకే. డబ్బు చేతికి వచ్చి ఇంతకాలమైనా ఆ కోపం పూర్తిగా తగ్గలేదని ముందే చెప్పడం న్యాయం.

ఐదేళ్ళ లోపు కార్లకు ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టే విలువ, నిర్ణయించడానికి పట్టిక ఉంటుంది. నాలుగేళ్ళు దాటి ఐదేళ్ళు నిండని బండికి 50 శాతం తరుగు తీసివేస్తారు. ఐదేళ్ళు దాటినవాటికీ, తయారీ నిలిచిపోయిన మోడళ్ళకూ మాత్రం సంస్థా యజమానీ పరస్పరం ఒప్పుకున్న మొత్తమే ఐడీవీ అవుతుంది. గోవాలో తయారైన, రెండే సీట్లున్న, ఫైబర్‌గ్లాస్ బాడీ గల నా 2004 మోడల్ బండి ఈ రెండు కోవల్లోకీ వస్తుంది. టోటల్ లాస్ (బండి బాగుచేయించడానికి గిట్టదని లెక్కించడం) అయితే ముందు అనుకున్న సొమ్మును తరుగు లేకుండా ఇచ్చే 'అంగీకృత విలువ' పాలసీలను పాత మోటారు టారిఫ్ (మోటారు బీమా నిబంధనల పుస్తకం) వింటేజ్ కార్లకే, అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారైనవాటికే, పరిమితం చేసింది. కాబట్టి వింటేజ్ కాదు, కొత్తదీ కాదు అన్న మధ్యస్థితిలో ఉన్న బండికి బేరమే ఆధారం. వాల్యుయర్ ఇచ్చిన నివేదిక పట్టుకుని విజయనగరం బ్రాంచికి స్వయంగా వెళితే, కంప్యూటరు చూపిన తక్కువ అంకెను పక్కనపెట్టి 2 లక్షల రూపాయలకు ఒప్పుకున్నారు. ఆ ఉదారత చూసి ఈ సంస్థను చాలామంది మిత్రులకు సిఫారసు చేశాను. ఆ మెప్పును ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. ఆ రాత్రి కురిసిన వానకు పల్లంలో ఉన్న మా వీధి మునిగి, సెల్లారులో నిలిపిన కారులోకి సీట్ల ఎత్తు వరకు నీరు చేరింది. నీరు తీశాక ఎవరినీ తాళం చెవి తిప్పనివ్వలేదు. గాలి పీల్చే గొట్టం గుండా సిలిండర్లలోకి నీరు చేరి ఉంటే, ఇంజను తిప్పిన మరుక్షణమే కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. అలాంటి నష్టాన్ని వరద వల్ల కలిగినదిగా కాక, నీటిలో ఇంజను తిప్పడం వల్ల కలిగిన పర్యవసాన నష్టంగా లెక్కించి తోసిపుచ్చడం సంస్థలకు అలవాటు. ఇంజను రక్షణకు అదనపు కవరు ఉన్నా, ఇంత వయసున్న బండికి మా సంస్థ దానిని ఇవ్వలేదు. మెకానిక్ ముందుగా బ్యాటరీ తీగలు ఊడదీసి, ప్లగ్గులు తీసి, ఆయిలు మార్చి, ఇంజనును చేత్తో తిప్పి చూసేదాకా ఊపిరి బిగపట్టుకున్నాను. అదృష్టవశాత్తూ లోపలికి నీరు పోలేదు. ఈ పని మొత్తాన్ని వీడియో తీయించి ఉంచడం తర్వాత చాలా ఉపకరించింది.

నష్టాన్ని అంచనా వేయడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన సర్వేయరు మర్యాదస్తుడే. కానీ గ్యారేజీ వేసిన ఎస్టిమేటు చూడగానే, "ఇంత పాత బండికి ఇంత ఖర్చెందుకండీ, టోటల్ లాస్ కింద ముగించుకోండి" అన్నారు. వైరింగ్, ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు), సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, సెన్సార్లు, సీట్లు, లోపలి పరుపులు కలిపి విడిభాగాలకు 1,80,000, కూలికి 60,000, వెరసి 2,40,000 రూపాయలు. ఇంజను రెనాల్ట్‌ది, 1,149 సీసీ. భాగాలు ఊళ్ళో దొరికేవి కావు గనుక ధరలు అలాగే ఉంటాయి. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్‌గా పరిగణిస్తారు. నా విషయంలో ఆ హద్దు 1,50,000. ఎస్టిమేటు దానిని సునాయాసంగా దాటేసింది.

నేను బండిని వదులుకోనన్నాను. అయితే 'నెట్ ఆఫ్ శాల్వేజ్' పద్ధతిలో బండిని, ఆర్సీని నా దగ్గరే ఉంచుకోవచ్చనీ, ఐడీవీ నుంచి శాల్వేజ్ విలువ మినహాయించి మిగిలినది ఇస్తామనీ ప్రతిపాదన వచ్చింది. వినడానికి సబబుగానే ఉంది. తీరా కాగితం చూస్తే శాల్వేజ్ విలువ 1,10,000 అని ఉంది! పాత బండ్లు కొనే వ్యాపారులు ఆన్‌లైన్ వేలంలో పాడిన పాటల్లో అన్నింటికన్నా పెద్దది అదట. 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరిగా కోసే 1,000 కూడా తీసివేస్తే నాకు దక్కేది 89,000. అంటే బురద నీటిలో మునగక ముందు 2 లక్షలే చేసిన బండి, మునిగిన తర్వాత కూడా సగానికి పైగా విలువ నిలుపుకుందన్నమాట. ఎందుకని అడిగితే, "ఇలాంటి బండ్లు దొరకవు కదండీ, ఫైబర్ బాడీకి తుప్పు పట్టదు, అందుకే ఎక్కువకు పాడారు" అన్నది క్లెయిమ్‌ల విభాగం జవాబు. ఇదే వాదనను ఐడీవీ పెంచమని నేను పునరుద్ధరణప్పుడు వినిపిస్తే, అరుదైనదైనా కాకపోయినా మాకు వయసే లెక్క అని ఇదే సంస్థ చెప్పింది. పాట పాడిన వ్యక్తి బండిని కళ్ళారా చూశారా, వరదకు ముందు ఫొటోలు చూసి పాడారా అని రాతపూర్వకంగా అడిగాను. ఆ ప్రశ్నకు సూటిగా సమాధానం రాలేదు.

అసలు మలుపు పాలసీ పత్రంలోనే దొరికింది. 75 శాతం నిబంధన ఉన్న వాక్యంలో, బండిని తరలించే ఖర్చూ మరమ్మతు ఖర్చూ 'పాలసీ నియమ నిబంధనలకు లోబడి' హద్దు దాటితేనే టోటల్ లాస్ అని ఉంది. ఆ కొద్ది మాటల వల్ల లెక్క మారిపోతుంది, ఎందుకంటే పోల్చవలసింది గ్యారేజీ వేసిన మొత్తాన్ని కాదు, తరుగు పోగా సంస్థ నిజంగా చెల్లించవలసి వచ్చే మొత్తాన్ని. పదేళ్ళు దాటిన బండికి లోహ భాగాల మీద 50 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద, బ్యాటరీ మీద 50 శాతం తరుగు. ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతమే గానీ నా బండి బాడీకి మార్చవలసిన భాగమే లేదు. ఆ ప్రకారం విడిభాగాల 1,80,000లో సంస్థ భరించేది 90,000. కూలిని సర్వేయరే 45,000కు తగ్గించి ఉన్నారు. టోయింగ్‌కు పాలసీ అనుమతించే గరిష్ఠ మొత్తం 1,500. తప్పనిసరి కోత 1,000 పోగా తేలేది 1,35,500. హద్దుకు లోపలే! అంతకాలం నేను తిట్టుకున్న తరుగు పట్టికే బండిని టోటల్ లాస్ కాకుండా కాపాడిందంటే నవ్వు రాక తప్పదు.

సర్వే నివేదిక ప్రతి అడిగి తీసుకున్నాను. అడిగిన పాలసీదారుకు ఆ ప్రతి ఇవ్వాలి. ఆ నివేదికలోని అంకెలతోనే ఒక పేజీ లెక్క తయారుచేసి, నిబంధన వాక్యాన్ని యథాతథంగా ఉటంకించి, ముందుగా సంస్థ ఫిర్యాదుల విభాగానికి పంపుతున్నాననీ, పరిష్కారం కాకపోతే బీమా సంస్థల మీద ఫిర్యాదులు విని తీర్చే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాస్తాననీ తెలియజేశాను. అక్కడ ఫీజు ఉండదు, వకీలూ అవసరం లేదు. గొంతు పెంచిన ఫోన్ల వల్ల అంగుళం కూడా కదలని ఫైలు ఆ కాగితంతో కదిలింది. మరమ్మతు ప్రాతిపదికన 1,35,500కు ఒప్పుకున్నారు. మరమ్మతు పూర్తయ్యాక, బిల్లులు సమర్పించాక సొమ్ము ఖాతాలో పడింది. ఈ చివరి భాగంలో ఏ పేచీ పెట్టలేదని కూడా చెప్పాలి.

ఇంతకీ లాభమేనా? లక్షకు పైగా నా జేబు నుంచే పోయింది. ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా కూడబెట్టుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోయింది. నాకు రోజూ తిరగడానికి వేరే బండి ఉంది, గ్యారేజీలో నెలల తరబడి ఉన్నా ఇబ్బంది లేదు, ఈ కారంటే మమకారం ఉంది. ఇవేవీ లేని వారికి, అద్దె సెల్లారులో ఉన్న ఒక్క కారుతో ఆఫీసుకు వెళ్ళేవారికి, 89,000 తీసుకుని బండిని మంచి ధరకు అమ్ముకోవడమే మేలు కావచ్చు. ఇంజనులోకి నీరు పోయి ఉంటే నా లెక్క కూడా నిలిచేది కాదు.

ఐడీవీ ఎక్కువ పెట్టారని మొదట మెచ్చుకున్నానే, దాని అసలు ప్రయోజనం పరిహారం పెరగడంలో కన్నా ఆ 75 శాతం హద్దు పైకి జరగడంలో ఉంది. కంప్యూటరు చూపిన అంకెకే ఒప్పుకొని ఉంటే హద్దు కిందికి దిగి, నా వాదన చెల్లేది కాదు. క్లెయిమ్ తర్వాత వచ్చిన పునరుద్ధరణలో సంస్థ విలువను 1,40,000కు దించింది. యాప్‌లో ఆ అంకెను ఇష్టమొచ్చినట్టు పెంచుకునే వీలు లేదు. మళ్ళీ వాల్యుయరు నివేదికతో బ్రాంచికి వెళ్ళి 1,75,000కు ఒప్పించగలిగాను. పదిహేనేళ్ళు నిండిన బండి ఆర్సీ ఐదేళ్ళకోసారి పునరుద్ధరించాలి గనుక ఆ గడువు కాగితాన్ని కూడా పాలసీ కవరులోనే పెట్టి ఉంచుతున్నాను. ఈ ఏడాదికైతే ఇదే సంస్థలో కొనసాగుతున్నాను. వచ్చే ఏడాది వాళ్ళు ఒప్పుకునే అంకెను బట్టి చూడాలి.