మోకాలి మార్పిడి తర్వాత ఐస్ మెషిన్: ఎవరికి అక్కరకొస్తుంది, ఎవరికి దండగ

ముందే చెప్పేస్తున్నా, మోకాలి చుట్టూ చల్లటి నీళ్లు తిప్పే ఈ ఐస్ మెషిన్ నొప్పిని మాయం చేసేది కాదు, అట్టపెట్టె మీద ఏం రాసుకున్నా సరే. కానీ ఇంట్లో మోకాలి మార్పిడి అయిన మనిషి ఉండి, ఆ మనిషికి పెయిన్ కిల్లర్లలో చాలావరకు పడవు అంటే మాత్రం దీని గురించి ఆలోచించాల్సిందే. మా అమ్మది అచ్చంగా అదే పరిస్థితి.

అమ్మకు కిడ్నీలు అంతంతమాత్రం. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివాటి జోలికి పోవద్దని కిడ్నీ డాక్టర్ ఆపరేషన్‌కు ముందే గట్టిగా చెప్పారు. పైగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర ఒకటి నడుస్తోంది, దానికి ఇవి తోడైతే బ్లీడింగ్ భయం. ట్రామడాల్ వేస్తే తల తిరుగుడు, వాంతులు, దానికితోడు మలబద్ధకం. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ రకం మందులు వయసు పైబడినవాళ్లకు మత్తుగా ఉంటాయి, కిడ్నీ సరిగా లేనివాళ్లకు డోసు బాగా తగ్గించాలి, వాకర్ పట్టుకుని నడిచే మనిషి ఆ మత్తులో తూలి పడితే ఇక కొత్త మోకాలి సంగతి దేవుడెరుగు. చివరికి ధైర్యంగా వాడుకోగలిగింది పారాసిటమాల్ ఒక్కటే. ఇంత పెద్ద ఆపరేషన్‌కి అదొక్కటేనా అని మీకు అనిపిస్తోంది కదా, మాకూ అలాగే అనిపించింది.

ఆపరేషన్ రోజు అమ్మను చూస్తే, ఇంతేనా, దీనికా ఇన్నాళ్లు వాయిదా వేసుకుంటూ వచ్చింది అనుకున్నాం. తొడ దగ్గర నరానికి బ్లాక్, అంటే నొప్పి తెలియకుండా చేసే ఇంజక్షన్ ఇచ్చారు, మోకాలి చుట్టూ కూడా మత్తు ఇంజక్షన్లు చేశారు, ఆ బలం మీద నవ్వుతూ కూర్చుంది. ఒక్కసారి ఇచ్చే బ్లాక్ సుమారు ఒక రోజులో దిగిపోతుంది. దిగేటప్పుడు చాలామందికి మెల్లగా దిగదు, నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది, అదీ ఎక్కువగా రాత్రిపూటే. అందుకే బ్లాక్ దిగకముందే పారాసిటమాల్ మొదలుపెట్టించుకోండి, దిగాక వేద్దాంలే అని కూర్చోకండి.

ఇక మెషిన్ సంగతి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల చిన్న మోటారు, డబ్బాలోంచి వచ్చే జంట గొట్టం, దాని చివర మోకాలికి చుట్టే ప్యాడ్. గీత దాకా నీళ్లు పోసి, ఐస్ నింపి, ప్లగ్ పెడితే చల్లటి నీళ్లు ప్యాడ్‌లో తిరిగి మళ్లీ డబ్బాలోకి వచ్చేస్తాయి. బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, ప్యాడ్‌ను ముందు మంచం మీద పరిచి, నీళ్లు నిండాకే కాలికి చుట్టాలి. ముందే బిగించి కట్టేస్తే మడతల దగ్గర నీళ్లు ఆగిపోయి ఒకవైపు చల్లగా, ఒకవైపు వెచ్చగా ఉంటుంది, మెషిన్ పాడైందేమో అని ఊరికే టెన్షన్.

నాకు ఇందులో నచ్చింది చల్లదనం కాదు, అది ఫ్రిజ్‌లో పెట్టిన జెల్ ప్యాక్‌తో కూడా వస్తుంది. నచ్చింది ఏంటంటే, మోకాలి చుట్టూ నాలుగు వైపులా ఒకేలా పట్టుకుంటుంది, జారదు, కాసేపటికే వేడెక్కిపోదు. ఎక్సర్‌సైజులు అయ్యాక దీని విలువ తెలుస్తుంది. మడమను పరుపు మీద ఈడుస్తూ మోకాలు వంచే ఎక్సర్‌సైజు ఒకటి ఉంటుంది, అది చేసేటప్పుడు అమ్మ దుప్పటిని పిడికిట్లో నలిపేసేది, కుట్ల చుట్టూ చర్మం బిగుసుకుపోయి నిగనిగలాడుతూ కనిపించేది. ప్యాడ్ చుట్టి కాసేపు అయ్యాక ఆ పిడికిలి తనంతట తానే వదిలేది. నొప్పి పోయిందా అంటే, "పోలేదే, కానీ ఓర్చుకోవచ్చు" అనేది. ఈ మెషిన్ గురించి ఇంతకంటే నిజాయితీ ఉన్న రివ్యూ నేను రాయలేను.

ఇప్పుడు తిట్టాల్సినవి. ఐస్ ఎంత పోసినా దీనికి చాలదు, ఇంట్లో ఫ్రిజ్ ట్రేలు అస్సలు సరిపోవు. చిన్న వాటర్ బాటిళ్లు గడ్డకట్టించి డబ్బాలో వేస్తే ముక్కల కంటే ఎక్కువసేపు ఉంటాయి, ఒక సెట్ లోపల ఉన్నప్పుడు ఇంకో సెట్ ఫ్రీజర్‌లో ఉండాలి. మోటారు చప్పుడు పగలు తెలియదు, రాత్రి మాత్రం గుర్రుమంటూ చెవిలో పడుతుంది. ప్యాడ్ బయట చెమ్మ పట్టి నీళ్లు దిగుతాయి, డ్రెస్సింగ్ తడవకూడదు కాబట్టి మధ్యలో పొడి గుడ్డ తప్పనిసరి. మా దానికి గొట్టం కలిపే చోట కారడం కూడా మొదలైంది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ప్యాడ్‌కీ గొట్టానికీ వారంటీ రాదు మేడమ్, మోటారుకే అని తేల్చేశారు. మోటారు బాగానే ఉంది, సంతోషం. కొనేముందు ఆ ఒక్క ముక్క అడిగి తెలుసుకోండి.

అన్నిటికంటే పెద్ద లోపం, మేం కొన్నదానికి టైమర్ లేదు, ఎంత చల్లగా ఉండాలో పెట్టుకునే వీలూ లేదు. ఇది చిన్న విషయం కాదు. ఈ ఆపరేషన్‌లో కోత పెట్టేటప్పుడు చర్మానికి వెళ్లే సన్నటి నరం ఒకటి చాలామందికి తెగుతుంది, దాంతో మోకాలి బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది. అంటే ఎక్కువ చల్లబడినా పేషెంట్‌కి తెలియదు. బ్లాక్ ఇంకా దిగనివాళ్లకూ, షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకూ ఇదే ప్రమాదం. చలికి చర్మం కాలినట్టు కమిలిపోతుంది. పెట్టుకుని నిద్రపోవద్దు. మేం 20 నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టుకుని, తీసిన ప్రతిసారీ చర్మం చూసేవాళ్లం. తెల్లగా పాలిపోయినా, బొబ్బలా కనిపించినా ఇక పెట్టకుండా డాక్టర్‌కు చూపించాలి.

పరిశోధనలు ఏమంటున్నాయి అంటే, మోకాలి మార్పిడి తర్వాత చల్లదనం వాడకం మీద కోక్రేన్ వాళ్ల (వైద్య అధ్యయనాలన్నీ కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 2012లో వచ్చింది, 2023లో కొత్త అధ్యయనాలు కలిపి మళ్లీ వేశారు. సారాంశం చూస్తే నొప్పి విషయంలో లాభం ఉండొచ్చు గానీ కొద్దిగానే, ఆ ఆధారాలు కూడా అంత గట్టివి కావు. మాకు కనిపించింది కూడా దాదాపు అదే. కాబట్టి ఇది ఉంది కదా అని మాత్ర మానేస్తే రాత్రికి తెలిసొస్తుంది.

మాత్ర విషయంలో మాకు తేడా చూపించింది టైమే. నొప్పి వచ్చినప్పుడు కాకుండా గడియారం చూసి, డాక్టర్ చెప్పిన గంటలకు పారాసిటమాల్ ఇవ్వడం మొదలుపెట్టాక పరిస్థితి చేతిలోకి వచ్చింది. ఫిజియో వచ్చే అరగంట, ముప్పావు గంట ముందు ఒక డోసు పడేలా చూసుకునేవాళ్లం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, బరువు తక్కువున్నవాళ్లకూ లివర్ సమస్య ఉన్నవాళ్లకూ ఇంకా తక్కువ, అది డాక్టరే చెప్పాలి. ట్రామడాల్‌తో కలిపి వచ్చే మాత్రల్లో, జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రేపర్ చదవకుండా రెండూ ఇస్తే లెక్క తప్పుతుంది.

వాపు తగ్గడానికి మెషిన్ కంటే కాలు ఎత్తులో పెట్టడమే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం, దానికి ఖర్చూ లేదు. పడుకుని కాలును గుండె కంటే ఎత్తులో ఉంచాలి, దిండు మడమ, పిక్క కింద పెట్టాలి తప్ప మోకాలి కింద కాదు. మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుంది, అమ్మ ప్రతిసారీ అక్కడికే జరిపేసేది, కానీ అలా అలవాటైతే కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది. పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండటం కూడా మర్చిపోవద్దు. చర్మం మీద ప్యాడ్‌లు అంటించి సన్నటి కరెంటు పంపే టెన్స్ మెషిన్ కూడా ప్రయత్నించాం, చిమచిమలాడుతుంది, అమ్మకు పెద్దగా తేడా తెలియలేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి వెళ్లొద్దు.

ఇంకొకటి. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వస్తే, కుట్ల దగ్గర ఎరుపు పెరుగుతూ చీము కారితే, జ్వరం వస్తే ఐస్ పెట్టి చూద్దాం అనుకోకండి, వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయండి. ఆయాసం, ఛాతీ నొప్పి అయితే ఫోన్ కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకే.

కొనాలా వద్దా అంటే, ఇంట్లో జెల్ ప్యాక్‌లు మార్చడానికి మనుషులుంటే వద్దు, రెండు మూడు పెద్ద ప్యాక్‌లు, వాటికో గుడ్డ సంచి చాలు. పేషెంట్ దగ్గర ఉండేది ఒక్కరే అయి, మందులు కూడా మాలాగే పరిమితం అయితే తీసుకోండి, కానీ టైమర్ ఉన్నదే తీసుకోండి. అద్దెకు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే వాపు, నొప్పి ఎక్కువగా ఉండే మొదటి కొన్ని వారాల తర్వాత ఇది అటక మీదకే పోతుంది. సెకండ్ హ్యాండ్‌ది అయితే నీళ్లు పోసి, గొట్టం కలిపే చోట పొడి కాగితం పెట్టి కాసేపు నడిపించి చూశాకే డబ్బులు ఇవ్వండి.